తొలి పర్సనల్ కంప్యూటర్లలో ఏకవర్ణ, రంగుల తెరలు

1970ల చివరి నుంచి 1990ల మొదటి దాకా పర్సనల్ కంప్యూటర్ కొనేవారు ప్రాసెసర్, మెమరీ, డిస్క్‌లతో పాటు తెర సంగతీ విడిగా తేల్చుకోవలసి వచ్చేది. నలుపు మీద ఒకే రంగులో అక్షరాలు చూపే ఏకవర్ణ మానిటర్ కొనాలా, రంగుల మానిటర్ కొనాలా అన్నది ప్రశ్న. ఏకవర్ణం చవకరకమనీ, రంగుల తెర మేలురకమనీ ఇప్పుడు అనిపించవచ్చు. ఆనాటి లెక్క వేరు. రోజంతా చదివినా కంటికి ఇబ్బంది కలిగించని స్ఫుటమైన అక్షరం ఒకవైపు ఉండేది. రంగులు, బొమ్మలు, ఆటలు మరోవైపు ఉండేవి. రెండూ ఒకే తెర మీద అందుబాటు ధరలో దొరకడానికి 1980ల చివరిదాకా పట్టింది. అంతవరకు ఏ తెర కొనాలో పనిని బట్టి తేలేది: లెక్కలు, ఉత్తరాలు చూసుకునేవారు ఏకవర్ణం వైపు, ఆటలు, బొమ్మలు కావలసినవారు రంగుల వైపు మొగ్గారు.

టీవీ నుంచి మానిటర్ దాకా

1977లో అమెరికాలో మూడు యంత్రాలు దాదాపు ఒకేసారి బజారుకొచ్చాయి. కమొడోర్ పెట్‌కు సొంత ఏకవర్ణ తెర దాని పెట్టెలోనే ఉండేది. టాండీ సంస్థ తన టీఆర్‌ఎస్-80కి ఆర్‌సీఏ బ్లాక్ అండ్ వైట్ టీవీని కొద్దిగా మార్చి మానిటర్‌గా ఇచ్చింది. దాని మీద వరుసకు 64 అక్షరాల చొప్పున 16 వరుసలు పట్టేవి. మూడోది యాపిల్ 2. స్టీవ్ వోజ్నియాక్ దానికి రంగులు సమకూర్చి, ఇంట్లోని కలర్ టీవీకే తగిలించుకునే వీలు కల్పించాడు.

టీవీకి తగిలిస్తే ఖర్చు తగ్గేది, కానీ అక్షరాల స్పష్టత దెబ్బతినేది. అమెరికా టీవీ విధానమైన ఎన్‌టీఎస్‌సీ రంగు సమాచారాన్నీ వెలుగు సమాచారాన్నీ ఒకే సంకేతంలో కలిపి పంపుతుంది. దూరం నుంచి సినిమా చూసేవారికి దానివల్ల ఇబ్బంది లేదు. అడుగున్నర దూరంలో కూర్చుని చదివే సన్నని అక్షరాల అంచులు మాత్రం రంగులు చిమ్ముతూ అలుక్కుపోతాయి. అందుకే యాపిల్ 2 వరుసకు 40 అక్షరాలతో సరిపెట్టుకుంది. ఆఫీసుల్లో టైపు చేసిన ఉత్తరానికి, పంచ్ కార్డుల కాలం నుంచి వస్తున్న అలవాటుకు కావలసింది వరుసకు 80 అక్షరాలు. 1979లో విజికాల్క్ అనే లెక్కల పట్టిక ప్రోగ్రామ్ వచ్చాక యాపిల్ 2 వ్యాపార సంస్థల్లోకి వెళ్లింది. రంగులకు పేరుపడ్డ ఆ యంత్రానికే ఆఫీసుల్లో ఆకుపచ్చ ఏకవర్ణ మానిటర్ తగిలించుకోవడం మామూలైంది.

పిక్చర్ ట్యూబులో తేడా

రెండు రకాల తెరల మధ్య అసలు తేడా పిక్చర్ ట్యూబు లోపలే ఉంది. ఏకవర్ణ ట్యూబులో ఎలక్ట్రాన్ గన్ ఒక్కటే. అద్దం లోపలి వైపు ఫాస్ఫర్ పూత ఎక్కడా ఖాళీ లేకుండా సమంగా ఉంటుంది. ఎలక్ట్రాన్ కిరణం ఎక్కడ తాకితే అక్కడ వెలుగుతుంది. చుక్క ఎంత సన్నగా ఉండాలన్నది కిరణాన్ని ఎంత సన్నగా కూడగట్టగలమన్న దాని మీద ఆధారపడుతుంది.

రంగుల ట్యూబులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కోసం మూడు గన్‌లు ఉంటాయి. పూత కూడా మూడు రంగుల చుక్కలుగానో గీతలుగానో విడివిడిగా ఉంటుంది. ఏ గన్ కిరణం ఆ రంగు చుక్కకే చేరేలా తెర వెనుక షాడో మాస్క్ అనే చిల్లుల లోహపు రేకు బిగిస్తారు. కిరణాల్లో అధిక భాగం ఆ రేకుకే తగిలి వృథా అవుతుంది కాబట్టి తగినంత వెలుగు కోసం ఎక్కువ వోల్టేజి ఇవ్వాలి. ఒకే రంగు చుక్కల మధ్య దూరాన్ని డాట్ పిచ్ అంటారు. ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌కు తెచ్చిన తొలి రంగుల మానిటర్‌లో అది 0.43 మిల్లీమీటర్లు. తెరను నడిపే కార్డు ఎంత మంచిదైనా అంతకంటే సన్నని వివరం ఆ తెర చూపలేదు. మూడు కిరణాలు సరిగ్గా ఒకేచోట కలవకపోతే తెల్లని అక్షరానికి ఒక పక్క ఎరుపు, మరో పక్క నీలం అంచు కనిపించేది. తెర మూలల్లో ఈ లోపం మరీ ఎక్కువ. గన్ ఒకటే ఉన్న ఏకవర్ణ ట్యూబులో ఈ బాధకు తావే లేదు.

మెమరీ లెక్క

మెమరీ ధర కూడా అడ్డంకే. తెర మీది ప్రతి పిక్సెల్‌కూ మెమరీలో చోటు కావాలి. రెండే స్థితులైతే పిక్సెల్‌కు ఒక బిట్ చాలు. నాలుగు రంగులకు రెండు బిట్‌లు, పదహారు రంగులకు నాలుగు బిట్‌లు పడతాయి.

1981 చివర్లో బ్రిటన్‌లో వచ్చిన బీబీసీ మైక్రో ఈ లెక్కకు చక్కటి ఉదాహరణ. దాని మోడల్ బీలో మొత్తం మెమరీ 32 కిలోబైట్లు. తెరకు 20 కిలోబైట్లు కేటాయిస్తే మూడు దారులుండేవి: 640×256 పిక్సెల్‌లతో రెండు రంగులు, 320×256తో నాలుగు రంగులు, 160×256తో పదహారు. ఆ పదహారులో ఎనిమిది మినుకుమినుకుమనే రంగులు. మూడింటిలో ఏది ఎంచుకున్నా ఖర్చయ్యే మెమరీ సరిగ్గా 20,480 బైట్లే. రంగులు పెంచితే పిక్సెల్‌లు తగ్గాల్సిందే. వరుసకు 80 అక్షరాలు మొదటి దారిలోనే పట్టేవి. మూడో దారిలో ఇరవయ్యే.

అక్షరాలు మాత్రమే చూపే యంత్రాలు ఈ ఖర్చును తప్పించుకున్నాయి. వాటి మెమరీలో పిక్సెల్‌లు ఉండవు, అక్షరాల సంకేతాలుంటాయి. అక్షర రూపాలు కార్డులోని విడి చిప్‌లో ఉంటాయి. అక్షరానికో బైటు, దాని హంగుకో బైటు చొప్పున 80 అక్షరాల 25 వరుసలకు 4,000 బైట్లు సరిపోతాయి.

ఐబీఎం ఇచ్చిన రెండు కార్డులు

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించినప్పుడు తెరను నడిపే సర్క్యూట్‌ను మదర్‌బోర్డు మీద పెట్టలేదు. రెండు విడి కార్డులు తయారుచేసి, ఏది కావాలో కొనేవారికే వదిలేసింది. మోనోక్రోమ్ డిస్‌ప్లే అడాప్టర్, అంటే ఎండీఏ, ధర 335 డాలర్లు. ప్రింటర్ తగిలించే పోర్టు అందులోనే ఉండేది. కలర్ గ్రాఫిక్స్ అడాప్టర్, అంటే సీజీఏ, ధర 300 డాలర్లు. రంగుల కార్డే చవక.

ఎండీఏలో 4 కిలోబైట్ల మెమరీ ఉండేది. అది అక్షరాలు తప్ప బొమ్మలు గీయలేదు. ఆ అక్షరాల నాణ్యత మాత్రం గొప్పది. ఒక్కో అక్షరానికి 9×14 చుక్కల గడి కేటాయించడంతో తెర మొత్తం 720×350 చుక్కలయ్యేది. సాధారణం, ప్రకాశవంతం, కింద గీత, తలకిందుల వెలుగు, మినుకు అనే హంగులు ఉండేవి. దీనికి జతగా వచ్చిన 345 డాలర్ల ఐబీఎం 5151 మానిటర్ ఆకుపచ్చది. సెకనుకు 50 సార్లే తెరను తిరిగి గీసినా మినుకు కనిపించకుండా, వెలుగును కాసేపు నిలిపి ఉంచే పీ39 ఫాస్ఫర్ వాడారు. దానివల్ల స్థిరంగా ఉన్న అక్షరం నిండుగా నిలిచేది. పేజీ కదిలితే మాత్రం పాత వరుసల ఆకుపచ్చ నీడ కొంతసేపు వెంటాడేది.

సీజీఏలో 16 కిలోబైట్లు. బొమ్మల కోసం 320×200లో నాలుగు రంగులు, లేదా 640×200లో రెండు. ఆ నాలుగు రంగుల జతలు కూడా చాలావరకు ముందే ఖాయం చేసినవి. ఆ తరం ఆటగాళ్లందరికీ గుర్తుండిపోయిన జత నలుపు, సయన్, మెజెంటా, తెలుపు. అక్షరాల విషయంలో పదహారు రంగులూ వాడుకోవచ్చు కానీ గడి 8×8 చుక్కలే. అక్షరాలు బండగా, వరుసలు ఒకదానికొకటి ఆనుకున్నట్టుగా ఉండేవి. దానికి తోడు 80 అక్షరాల మోడ్‌లో ప్రాసెసర్ తెర మెమరీలో ఏదైనా రాస్తే, అదే క్షణంలో ఆ మెమరీని చదువుతున్న తెర సర్క్యూట్‌కు ఆటంకం కలిగి తెరంతా తెల్లని చుక్కలు చిందేవి. దీన్ని మంచు అనేవారు. మంచు పడకుండా ఉండాలంటే కిరణం వెనక్కి మళ్లే సందు కోసం ప్రోగ్రామ్ ఎదురుచూస్తూ కొద్దికొద్దిగా రాయాలి. తెర నిదానించేది.

ఐబీఎం సొంత రంగుల మానిటర్ 5153 మొదటి ఏడాదిన్నర దొరకనే లేదు. అది 1983లో పీసీ ఎక్స్‌టీతో పాటు 680 డాలర్లకు వచ్చింది. అప్పటిదాకా సీజీఏ కొన్నవారు టీవీనో, ఇతర కంపెనీల మానిటర్‌నో తగిలించుకున్నారు. 5153లో ఒక చిన్న ఏర్పాటు ఉంది. ఎరుపు, ఆకుపచ్చ గన్‌లు మందంగా వెలిగితే ముదురు పసుపు రావాలి. ఐబీఎం ఇంజనీర్లు ఆ ఒక్క సందర్భంలో ఆకుపచ్చను తగ్గించి గోధుమ రంగు తెప్పించే సర్క్యూట్‌ను మానిటర్‌లోనే పెట్టారు. ఆ సర్క్యూట్ లేని చవక మానిటర్లలో అదే రంగు బురద పసుపుగా కనిపించేది.

రెండు కార్డుల సాకెట్ ఒకటే, 9 పిన్‌లది. వాటిలో వచ్చే సంకేతాల వేగాలు మాత్రం వేరు: ఎండీఏ సెకనుకు సుమారు 18,400 గీతలు గీస్తే సీజీఏ సుమారు 15,700 గీస్తుంది. పొరపాటున ఏకవర్ణ మానిటర్‌ను రంగుల కార్డుకు తగిలిస్తే మానిటర్ సర్క్యూట్ కాలిపోయే ప్రమాదం ఉండేది. అందుకే ఏ కార్డు పెట్టారో కంప్యూటర్‌కు చెప్పే చిన్న స్విచ్‌లను మదర్‌బోర్డు మీద సరిచేసుకోవడం కొత్త పీసీ బిగించేవారి పనుల్లో ఒకటి.

హెర్క్యులిస్ చూపిన నడిమి దారి

స్ఫుటమైన అక్షరమూ కావాలి, బొమ్మా కావాలి అనేవారి ఇబ్బంది మొదట తీర్చింది ఐబీఎం కాదు. కాలిఫోర్నియాలో చదువుకుంటున్న థాయ్‌లాండ్ విద్యార్థి వాన్ సువన్నుకుల్‌కు తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం పనిని ఐబీఎం పీసీ మీద థాయ్ లిపిలో చేసుకోవాలని ఉండేది. ఎండీఏ అక్షర రూపాలు మార్చడానికి వీల్లేనివి. సీజీఏ చుక్కలు ఆ లిపికి చాలవు. దాంతో ఆయన ఎండీఏ అక్షరాలను యథాతథంగా ఉంచుతూ, అదే ఆకుపచ్చ మానిటర్ మీద 720×348 చుక్కల బొమ్మలు గీసే కార్డు రూపొందించాడు. 1982లో కెవిన్ జెంకిన్స్‌తో కలిసి హెర్క్యులిస్ సంస్థ స్థాపించాడు. కార్డు ధర 499 డాలర్లు, మెమరీ 64 కిలోబైట్లు.

కంప్యూటర్‌లో ముందే ఉండే మూల ప్రోగ్రామ్ అయిన ఐబీఎం బయోస్‌కు ఈ కార్డు సంగతి తెలియదు. ప్రతి ప్రోగ్రామ్ తయారీదారూ దీనికోసం విడిగా కోడ్ రాసుకోవాలి. 1983 జనవరిలో విడుదలైన లోటస్ 1-2-3 ఆ పని చేయడంతో కార్డు నిలదొక్కుకుంది. పట్టికలోని అంకెలు చక్కని అక్షరాల్లో, వాటి గ్రాఫ్ అదే తెర మీద కనిపించాయి. తర్వాత అనేక సంస్థలు దీని నకళ్లు చవగ్గా తయారుచేశాయి. సీజీఏ కోసమే రాసిన ఆటలను హెర్క్యులిస్ మీద ఆకుపచ్చ ఛాయల్లో ఆడించే సిమ్‌సీజీఏ వంటి చిన్న ప్రోగ్రామ్‌లు ఫ్లాపీల్లో చేతులు మారాయి.

ఒకే బల్ల మీద రెండు తెరలు

ఎండీఏ, సీజీఏ వేర్వేరు మెమరీ చిరునామాలు వాడతాయి. కాబట్టి రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండవచ్చు. డాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మోడ్ అనే ఆదేశంతో ఒక తెర నుంచి మరో తెరకు మారేవారు. ఆటోక్యాడ్ వాడే డ్రాఫ్ట్స్‌మన్‌కు రంగుల తెర మీద నక్షా, ఏకవర్ణ తెర మీద ఆదేశాలు ఉండేవి. ప్రోగ్రామర్లకు ఈ ఏర్పాటు మరీ ఇష్టం. తప్పులు వెతికే డీబగ్గర్ ఏకవర్ణ తెర మీద నడుస్తుంటే, పరీక్షిస్తున్న ప్రోగ్రామ్ రంగుల తెర మీద చెక్కుచెదరకుండా ఉండేది. ఏకవర్ణ కార్డులు 1990లలో కూడా కొందరు ప్రోగ్రామర్ల యంత్రాల్లో మిగిలిపోవడానికి ఇదే కారణం.

రంగుల తెర మీద రాసిన ప్రోగ్రామ్ ఏకవర్ణ తెర మీద వింతగా ప్రవర్తించేది. హంగు చెప్పే బైటులో నీలానికి వాడిన సంఖ్యే ఎండీఏకు కింద గీత. నీలం అక్షరాల మెనూ ఆకుపచ్చ తెర మీదికి వచ్చేసరికి గీతలమయం అయ్యేది. అందుకే ఆ కాలపు ప్రోగ్రామ్‌లు మొదలవుతూనే కార్డు రకాన్ని కనిపెట్టేవి, లేదా వాడేవారినే అడిగేవి.

మాకింతోష్, అటారీ ఎస్‌టీ

1984 జనవరిలో యాపిల్ విడుదల చేసిన మాకింతోష్ నలుపు మీద వెలుగు అక్షరాల పద్ధతిని తిరగేసింది. 9 అంగుళాల తెర మీద 512×342 పిక్సెల్‌లు, కాగితంలా తెల్లని నేల, నల్లని అక్షరం. అంగుళానికి 72 పిక్సెల్‌లు ఉండటంతో ముద్రణలోని ఒక పాయింట్ తెర మీద ఒక పిక్సెల్ అయింది. తెరకు పట్టిన మెమరీ 21,888 బైట్లు మాత్రమే. అచ్చు రూపం ముందే కళ్లకు కట్టే ఆ గుణమే డెస్క్‌టాప్ పబ్లిషింగ్‌కు పునాది వేసింది. రంగుల మాకింతోష్ 1987లో గానీ రాలేదు.

1985 నాటి అటారీ 520 ఎస్‌టీ ఇదే ఎంపికను సూటిగా అడిగింది. ఏకవర్ణ మానిటర్‌తో 799 డాలర్లు, రంగుల మానిటర్‌తో 999. ఏకవర్ణంలో 640×400 పిక్సెల్‌లు, సెకనుకు 70కి పైగా తెరలు. రంగుల్లో 320×200కు పదహారు, 640×200కు నాలుగు రంగులు. చాలా ఆటలు రంగుల మానిటర్ ఉంటేనే నడిచేవి. ప్రచురణ, సంగీత రచన ప్రోగ్రామ్‌లలో కొన్ని ఏకవర్ణ మానిటర్ ఉంటేనే నడిచేవి. రెండు రకాల పనులూ ఉన్నవారు రెండు మానిటర్లూ కొని కేబుల్ మార్చుకునేవారు.

ఆకుపచ్చ, అంబర్, తెలుపు

ఏకవర్ణ తెరల్లోనూ రకాలుండేవి. వెలుతురులో మనిషి కన్ను బాగా పసిగట్టేది ఆకుపచ్చనే కాబట్టి తక్కువ వెలుగుతోనే అక్షరం తేటగా కనిపిస్తుందనేది దాన్ని కోరుకునేవారి వాదన. నారింజ కలిసిన పసుపు రంగు అంబర్ తెర కంటికి హాయి అన్న నమ్మకం ఐరోపాలో బలంగా ఉండేది. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ వచ్చాక తెల్లని ఫాస్ఫర్ మానిటర్లకు గిరాకీ పెరిగింది.

ఫాస్ఫర్ తెరలన్నింటికీ ఉన్న బాధ అచ్చు పడటం. ఒకే మెనూ నెలల తరబడి ఒకేచోట వెలిగితే కంప్యూటర్ ఆపాక కూడా దాని నీడ గాజు మీద మిగిలిపోయేది. దీనికి విరుగుడుగా జాన్ సోచా రాసిన, కాసేపు ఎవరూ కీబోర్డు ముట్టకపోతే తెరను ఆర్పేసే ప్రోగ్రామ్ 1983లో సాఫ్టాక్ పత్రికలో అచ్చయింది. ఐబీఎం పీసీలో స్క్రీన్ సేవర్లకు అదే మొదలంటారు.

భారతదేశంలో

దూరదర్శన్ రంగుల ప్రసారాలు 1982లో మొదలయ్యాయి. మన టీవీ విధానం పాల్ కాబట్టి, అమెరికా ఎన్‌టీఎస్‌సీ కోసం చేసిన సీజీఏ టీవీ సంకేతం ఇక్కడి సెట్లలో రంగులు చూపదు. ఇంటి టీవీని వాడుకునే ఆ చవక దారి ఇక్కడ అలా మూసుకుపోయింది. 1984లో మొదలైన పాఠశాలల కంప్యూటర్ విద్యా పథకం క్లాస్ కింద బడులకు చేరినవి బీబీసీ మైక్రోలు. అదే ఏడాది నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించాక పీసీలు పెరిగాయి. 1990ల మొదట్లో శిక్షణ సంస్థల్లో, ఆఫీసుల్లో డీబేస్, లోటస్, వర్డ్‌స్టార్ నేర్చినవారికి పరిచయమైనవి చాలావరకు ఏకవర్ణ తెరలే.

థాయ్ విద్యార్థికి ఎదురైన చిక్కే భారతీయ లిపులకూ ఎదురైంది. తెలుగులో అక్షరం పైన గుడి, కింద వత్తు చేరతాయి. ‘స్త్రీ’ లాంటి అక్షరం ఎనిమిది చుక్కల ఎత్తులో ఇమడదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీడాక్ సంస్థ ద్వారా బయటికి వచ్చిన జిస్ట్ కార్డు దీనికి హార్డ్‌వేర్ పరిష్కారం చూపింది. ఇంగ్లిషు కోసం రాసిన డాస్ ప్రోగ్రామ్‌లలోనే తెలుగు సహా భారతీయ లిపులు టైపు చేసి తెర మీద చూసుకునే వీలు కలిగింది.

ఎంపిక ముగిసిన తీరు

1984లో ఐబీఎం తెచ్చిన ఈజీఏ 640×350 పిక్సెల్‌లలో, 64 రంగుల నుంచి ఏరుకున్న 16 రంగులు చూపింది. అక్షరపు గడి 8×14 కావడంతో రంగుల తెర మీద చదవడం సులువైంది. అసలు మలుపు 1987 ఏప్రిల్‌లో పీఎస్/2 యంత్రాలతో వచ్చిన వీజీఏ. 640×480లో 16 రంగులు, 320×200లో 256 రంగులు, ఏరుకోవడానికి 2,62,144 ఛాయలు. అక్షరాలకు 720×400 చుక్కలు, అంటే ఎండీఏను మించిన స్ఫుటత. సంకేతం అనలాగ్ కాబట్టి ఒకే సాకెట్‌కు రంగుల మానిటరైనా, ఏకవర్ణ మానిటరైనా తగిలించవచ్చు. రెండోదాని మీద రంగులు బూడిద ఛాయలుగా కనిపించేవి. ప్రోగ్రామ్ రాసేవారికి రెండు రకాల తెరల గొడవ అంతటితో చాలావరకు తీరింది. మిగిలింది ధర తేడా. మెమరీ, ట్యూబులు చవకయ్యేకొద్దీ అదీ కరిగింది. 1990 నాటి విండోస్ 3.0 హెర్క్యులిస్ కార్డు మీద నడిచేది. విండోస్ 95 కనీసం వీజీఏ కావాలంది.

ల్యాప్‌టాప్‌లలో ఇదే ఎంపిక కొన్నేళ్లు మళ్లీ తలెత్తింది. రంగుల ఎల్‌సీడీ ఖరీదైనది, బ్యాటరీని త్వరగా తాగేసేది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాగితపు పఠన యంత్రాల్లో ఈ ఎంపిక ఇంకా కొనసాగుతోంది. రంగుల వడపోత పొర ఉన్న ఈ-ఇంక్ తెరలు నలుపు తెలుపుల్లో అంగుళానికి 300 పిక్సెల్‌లు చూపగలిగినా, రంగుల్లో 150తో ఆగిపోతాయి. పుస్తకం చదవడానికే కొనేవారు నలుపు తెలుపు తెరనూ, బొమ్మల కథలు కావలసినవారు రంగుల తెరనూ ఎంచుకోవడం ఈనాటికీ ఉంది.